గుమ్మటాల కింద రైలుకూత

హైదరాబాద్‌లో రైలెక్కాలంటే ముందుగా తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఎక్కడ ఎక్కాలని! సికింద్రాబాదా, నాంపల్లా, కాచిగూడా? 2025 జనవరి నుంచి చర్లపల్లి టెర్మినల్ కూడా ఈ జాబితాలో చేరింది. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు పెట్టేబేడా సర్దుకుని సికింద్రాబాద్ చేరాక, 'మన బండి కాచిగూడ నుంచి కదా' అని ఎవరో గుర్తుచేయడం, అక్కణ్నుంచి ఆటో బేరం, పరుగో పరుగు... జంటనగరాల్లో ప్రతి ఇంట్లోనూ ఇలాంటి కథ ఒకటి ఉంటుంది.

ఇంతకీ ఒకే ఊరికి ఇన్ని స్టేషన్లెందుకు? కాచిగూడ స్టేషన్ ముందు నిలబడి తలెత్తి చూస్తే జవాబు సగం దొరుకుతుంది. మధ్యలో పెద్ద గుమ్మటం, అటూ ఇటూ చిన్న గుమ్మటాలు, వాటికి తోడు మినార్లు. టికెట్లు అమ్మే చోటులా కాదు, ఎవరో నవాబుగారి దేవిడీలా ఉంటుంది. నిజాం జమానాలో ఇది ఒక రైల్వే కంపెనీకి సింహద్వారం మరి!

లండన్ షేర్లు... హైదరాబాద్ హామీ

కథ కాచిగూడలో మొదలవలేదు. దేశంలో రైళ్లు తిరగడం మొదలయ్యాక బొంబాయి-మద్రాసు మార్గం హైదరాబాద్ రాజ్యం అంచుల్లోంచి, వాడీ మీదుగా వెళ్లింది. రాజధానికి మాత్రం రైలు లేదు. దివాన్ మొదటి సాలార్‌జంగ్ హయాంలో నిజాం సర్కారు సొమ్ముతో వాడీ నుంచి సికింద్రాబాద్‌కు లైను వేశారు. అది 1874లో మొదలైంది.

లైనైతే వచ్చింది కానీ ఖజానాకు అది భారమే అయింది. దాన్ని పొడిగించాలంటే ఇంకా డబ్బు కావాలి. అప్పుడు పుట్టిందే 'నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే' కంపెనీ. పేరులోని 'గ్యారంటీ'లోనే అసలు కిటుకంతా ఉంది. లండన్‌లో షేర్లు కొన్నవాళ్లకు రైళ్లు లాభాల్లో నడిచినా, నష్టాల్లో నడిచినా ఏటా 5 శాతం వడ్డీ ఇచ్చే పూచీ నిజాం ఖజానాది. లాభం వస్తే కంపెనీకి, నష్టం వస్తే మనకు అన్నమాట!

దీన్ని ప్రశ్నించినవాళ్లు ఆ రోజుల్లోనే ఉన్నారు. చాందా రైల్వే పథకంగా పేరుబడ్డ ఈ ఒప్పందం వివరాలు బయటపెట్టాలంటూ 1883లో నగరంలో కొందరు విద్యావంతులు గొంతెత్తారు. ముల్లా అబ్దుల్ ఖయ్యూం, అఘోరనాథ చటోపాధ్యాయ వారిలో ముఖ్యులు. సర్కారుకు కోపం వచ్చింది. అఘోరనాథను హైదరాబాద్ నుంచి బహిష్కరించారు. ఈ అఘోరనాథ ఎవరో కాదు, సరోజినీ నాయుడి తండ్రి. అప్పటికి ఆమె నాలుగేళ్ల పిల్ల. తర్వాత ఆయన్ని మళ్లీ పిలిపించారు. ఆ కుటుంబం ఉన్న 'గోల్డెన్ థ్రెషోల్డ్' ఇల్లు ఇప్పటికీ నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లోనే ఉంది. హైదరాబాద్ రాజ్యంలో ప్రజా చైతన్యం గురించి రాసేవాళ్లు తరచూ ఈ గొడవ దగ్గరే మొదలుపెడతారు. రైలు మన ఊరికి ప్రయాణ సుఖమే కాదు, సర్కారును లెక్కలడిగే అలవాటు కూడా తెచ్చిందన్నమాట.

ఏదైతేనేం, కంపెనీ పని మొదలెట్టింది. వరంగల్ మీదుగా 1889 నాటికి బెజవాడకు రైలు చేరింది. అదంతా బ్రాడ్‌గేజి. ఆ తర్వాత కంపెనీ కన్ను ఉత్తరాన మరాఠ్వాడా పత్తి మీద పడింది. జాల్నా, పర్భణీ, నాందేడ్ ప్రాంతాల్ని కలుపుతూ మన్మాడ్ దాకా 'హైదరాబాద్-గోదావరి వ్యాలీ' లైను వేశారు. 1901 నాటికి అది పూర్తయింది. ఆరువందల కిలోమీటర్లకు పైగా దూరం. ఖర్చు తగ్గుతుందని దీన్ని మీటరుగేజిలో వేశారు. అంటే రెండు పట్టాల మధ్య దూరం సరిగ్గా మీటరు. బ్రాడ్‌గేజిలో ఆ దూరం 1,676 మిల్లీమీటర్లు.

మన చుట్టాల తికమకకు మూలం ఇక్కడే ఉంది! ఒక గేజి రైలు రెండో గేజి పట్టాలెక్కదు. 1907లో మొదలైన నాంపల్లి బ్రాడ్‌గేజి రైళ్లకు. కాచిగూడ మీటరుగేజికి. సికింద్రాబాద్‌లో రెండూ ఉండేవి. పక్కపక్క పేటల్లో ఉన్నా నాంపల్లి, కాచిగూడలది ఇరుగుపొరుగు ఇళ్లలో వేరుకాపురం పెట్టిన అన్నదమ్ముల వరస.

ఎష్ దొరగారి గీత

1908లో మూసీ వరదలు నగరాన్ని ఊడ్చేశాయి. ఆ తర్వాత హైదరాబాద్ మళ్లీ లేచి నిలబడిన తీరు తెలిసిందే. 1911లో గద్దెనెక్కిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో కట్టడాల జాతర జరిగింది. నదికి అటు హైకోర్టు, సిటీ కాలేజీ, ఇటు ఉస్మానియా ఆస్పత్రి... వీటికి రూపమిచ్చిన బ్రిటిష్ వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్. అంతకుముందు కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ పనులు పర్యవేక్షించిన మనిషి. కాచిగూడ స్టేషన్ కూడా ఆయన గీసిందే. 1916లో నిర్మాణం పూర్తయింది. మహబూబ్‌నగర్ మీదుగా గద్వాల వైపు మీటరుగేజి లైను వచ్చింది కూడా ఆ ఏడాదే. కంపెనీ తన ప్రధాన కార్యాలయాన్ని ఇక్కడే పెట్టుకుంది.

దూరం నుంచి చూస్తే పాత నవాబీ కట్టడమే అనిపిస్తుంది. నిజానికి ఆ రోజులకు అది సరికొత్త పనితనం. ముందుగా పోతపోసిన రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు వాడి కట్టారు. ఒళ్లు కాంక్రీటుది, ఒంటిమీది నగలు మొగలాయి, ఆసఫ్‌జాహీ శైలివి. ఆ నగల్లో ఏది ఏ ఊరిదో విడదీసి చెప్పడం పండితుల పని. మనలాంటి వాళ్లకు, రైలు ఆలస్యమైనప్పుడు కాలక్షేపానికి తలెత్తి చూసుకోవడానికి ఇంతకన్నా మంచి స్టేషన్ నగరంలో లేదు.

లోపలి అమరికలో ఒక ముచ్చట చెప్పుకోవాలి. పరదా పాటించే స్త్రీలు నలుగురి కంటా పడకుండా వచ్చి రైలెక్కడానికి, దిగి వెళ్లడానికి వాళ్లకంటూ వేరుగా దారి ఉంచారు. ఇవాళ అదే ప్రాంగణంలో అమ్మాయిలు భుజానికి ల్యాప్‌టాప్ సంచీ తగిలించుకుని, చేతిలో ఫోను చూసుకుంటూ, కదలబోతున్న బండికేసి పరుగెడుతుంటారు. నూరేళ్లలో నగరం ఎంత మారిందో చూడాలంటే ప్లాట్‌ఫామ్ మీద పది నిమిషాలు కూర్చుంటే చాలు.

ఇక పేరు సంగతి. కాఛీలనే కూరగాయల సాగుదారులు ఇక్కడ తోటలు వేసుకుని ఉండేవాళ్లని, వాళ్ల పేరుమీదే ఈ 'గూడ' వెలిసిందని చెబుతారు. తెలుగులో కాచిగూడ అంటాం. రైల్వేవారి ఇంగ్లిషు బోర్డు మాత్రం 'కాచెగూడ' అంటుంది. టికెట్ మీద ఉండే కోడ్ కేసీజీ. సికింద్రాబాద్‌కు ఎస్‌సీ, నాంపల్లికి హెచ్‌వైబీ. ఈ మూడూ గుర్తుపెట్టుకుంటే చుట్టాల పరుగులు తప్పుతాయి.

రైల్వేకు పుట్టిన బస్సు

1930 ఏప్రిల్‌లో కంపెనీ జమానా ముగిసింది. నిజాం ప్రభుత్వం రైల్వేను తన చేతుల్లోకి తీసుకుంది. రెండేళ్లకే, అంటే 1932 జూన్‌లో ఆ రైల్వేలోనే ఒక రోడ్డు రవాణా విభాగం పెట్టింది. మొదట్లో దాని ఆస్తి 27 బస్సులు, 166 మంది సిబ్బంది. మన ఆర్టీసీకి పుట్టిల్లు అదే. రైలు తల్లి, బస్సు బిడ్డ. తర్వాత్తర్వాత ఆ తల్లీబిడ్డలు ఒకరికొకరు ఎదురుపడకుండా తిరగడం నేర్చుకున్నారు. ఆ సంగతికి మళ్లీ వద్దాం.

పోలీసు చర్య తర్వాత నిజాం రైల్వే భారత ప్రభుత్వానికి దఖలుపడింది. 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది.

ఈ మార్పులన్నింటిలోనూ కాచిగూడ మాత్రం మీటరుగేజి స్టేషన్‌గానే ఉండిపోయింది. ఆ రైళ్లకో ప్రత్యేకమైన లోకం ఉండేది. పెట్టెలు కాస్త ఇరుకు, వేగం నెమ్మది, కిటికీలోంచి బొగ్గునుసి. కానీ దూరాలకేం తక్కువ! దక్షిణాదిని రాజస్థాన్‌తో కలిపిన మీనాక్షి ఎక్స్‌ప్రెస్ ఈ చిన్నగేజి మీదే పూర్ణ, అకోలా, ఖండ్వా, ఇందోర్, రత్లాం, అజ్మీర్ మీదుగా జైపూర్ దాకా వెళ్లేది. అడవులూ, నల్లమన్ను చేలూ, ఎడారి అంచూ అన్నీ ఒకే కిటికీలో. ఆ రైలు పోయింది. ఆ దారిలో మేల్‌ఘాట్ పులుల అడవిలోంచి వెళ్లే ముక్కను బ్రాడ్‌గేజిగా మార్చొచ్చా లేదా అన్న వాదన ఏళ్ల తరబడి సాగింది. 2025 జులైలో కాచిగూడ నుంచి జోధ్‌పూర్ దగ్గరి భగత్ కీ కోఠీకి రోజువారీ రైలు మొదలైంది. దారి పూర్తిగా పాతది కాకపోయినా కాచిగూడకు రాజస్థాన్‌తో ఉన్న చుట్టరికం మళ్లీ కలిసింది.

1990వ దశకంలో దేశమంతా ఒకే గేజి ఉండాలన్న నిర్ణయం అమలైంది. కాచిగూడ పట్టాలూ వెడల్పయ్యాయి. అప్పటిదాకా 'చిన్న రైళ్ల స్టేషన్'గా ఉన్నది ఒక్కసారిగా పెద్ద ఊళ్లకు ద్వారమైంది. రాయలసీమ వాసులకు, కర్ణాటక వెళ్లేవాళ్లకు ఇదే గుమ్మం. చిత్తూరు వెళ్లే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ పేరు వింటేనే తిరుపతి మొక్కులు గుర్తొస్తాయి. మైసూరు రైలు ఉండనే ఉంది. 2023 సెప్టెంబరు 24న ప్రారంభమైన యశ్వంతపూర్ వందేభారత్ మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం, ధర్మవరం మీదుగా ఎనిమిదిన్నర గంటల్లో బెంగళూరు చేరుస్తోంది. అదే ఏడాది ఏప్రిల్‌లో సికింద్రాబాద్-మహబూబ్‌నగర్ మధ్య 85 కిలోమీటర్ల డబ్లింగ్, విద్యుదీకరణ పనుల్ని ప్రధాని జాతికి అంకితం చేశారు. ఒంటిలైను మీద ఎదురొచ్చే బండి కోసం పడిగాపులు పడ్డవాళ్లకే ఆ సౌకర్యం విలువ తెలుస్తుంది.

ఐదు రూపాయల ప్రయాణం

ఎక్స్‌ప్రెస్ రైళ్లది ఏడాదికి రెండుసార్లు పలకరించే చుట్టరికం. కాచిగూడ చుట్టుపక్కల వాళ్లకు రోజూ అక్కరకొచ్చేది ఎంఎంటీఎస్. జంటనగరాల్లో ఈ లోకల్ రైళ్లు 2003 ఆగస్టు 9న మొదలయ్యాయి. అప్పటి ఉప ప్రధాని ఎల్.కె.అద్వానీ ప్రారంభించారు. తొలుత లింగంపల్లి వైపు తిరిగిన రైళ్లు 2004లో సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా దారిపట్టాయి. సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజీ, జామియా ఉస్మానియా, విద్యానగర్... తర్వాత కాచిగూడ. మూసీ దాటాక మలక్‌పేట, డబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ, ఫలక్‌నుమా. చూశారా, పాతబస్తీనీ విశ్వవిద్యాలయాన్నీ సికింద్రాబాద్‌నూ ఒకే దారానికి గుచ్చిన దండ ఇది. ఇంకా ముందుకెళితే హైటెక్‌సిటీ, లింగంపల్లి.

అటు నుంచి ఇటు వెళ్లేవాళ్లెవరు? యాకుత్‌పురా నుంచి హైటెక్‌సిటీలో పనికెళ్లే కుర్రాడు, ఉస్మానియా విద్యార్థి, స్టేషన్‌కు ఎదురుగా ఉన్న బద్రుకా కాలేజీ పిల్లలు, గంపతో ఎక్కి ఇంకో పేటలో దిగే చిరువ్యాపారి. వీళ్లందరి లెక్క ఒకటే. ఎంఎంటీఎస్ రెండో తరగతి కనీస ఛార్జీ 5 రూపాయలు. 2025 మేలో ఛార్జీలు పెరిగాక మెట్రోలో కనీసం 11 రూపాయలు, ఎక్కువ దూరానికి 69. అదే ఏడాది జులైలో దేశమంతా రైలు ఛార్జీలు పెంచినా సబర్బన్ టికెట్ల జోలికి పోలేదు. రోజుకు రెండు ప్రయాణాలు, నెలకు పాతిక రోజులు... వేలల్లో జీతమొచ్చే ఇంట్లో ఈ తేడా పాలబిల్లంత ఉంటుంది.

మరి అంత చౌకైన బండి కిక్కిరిసి నడవాలి కదా? కొవిడ్‌కు ముందు రోజుకు 121 సర్వీసులు తిరిగేవి. 2020 మార్చిలో ఆగిపోయిన రైళ్లు పదిహేను నెలల తర్వాత, 2021 జూన్ 23న పది సర్వీసులతో తిరిగి మొదలయ్యాయి. క్రమంగా పెంచినా ఆ వెనకటి సంఖ్య చాలాకాలం అందలేదు. 2022 మేలో మొదటి తరగతి ఛార్జీని సగానికి తగ్గించారు కూడా. అయినా జనం అదే జోరుతో తిరిగి రాలేదు.

కారణం ఛార్జీల్లో లేదు, గడియారంలో ఉంది. ఎంఎంటీఎస్‌కు సొంత పట్టాలు చాలాచోట్ల లేవు. ఎక్స్‌ప్రెస్‌లూ గూడ్సులూ వెళ్లే లైన్ల మీదే సర్దుకోవాలి. ఆలస్యంగా వచ్చిన దూరప్రాంతపు రైలుకు దారివ్వడానికి లోకల్‌ను స్టేషన్ బయట ఆపేస్తారు. వంద మైళ్ల నుంచి వచ్చేవాడికి పది నిమిషాలు పెద్ద లెక్క కాదు. ఎనిమిది కిలోమీటర్లు వెళ్లి హాజరు వేసుకోవాల్సిన వాడికి అదే పది నిమిషాలు సగం రోజు జీతం! ఇలా రెండుసార్లు జరిగితే మూడోరోజు అతను షేర్ ఆటో ఎక్కుతాడు. మెట్రో మూడు నాలుగు నిమిషాలకొకటి రావడం చూశాక గంటకొక బండి కోసం ఎవరు కాచుకుంటారు?

ఇంకో చిక్కు, స్టేషన్ దాకా చేరడం. ఇందాక చెప్పుకున్న తల్లీబిడ్డల ముచ్చట ఇదే. రైలు దిగినవాణ్ని అందుకునే బస్సు ఉండాలి. చాలా స్టేషన్ల దగ్గర బస్టాపు ఒకచోట, రైలు గేటు ఇంకోచోట. మలక్‌పేట కాస్త నయం, అక్కడ లోకల్ స్టేషన్ పక్కనే మెట్రో కూడా ఉంది. కాచిగూడకు ఆ భాగ్యం లేదు. మెట్రో కావాలంటే నారాయణగూడకో సుల్తాన్‌బజార్‌కో పోవాల్సిందే. వందేళ్ల కిందట కంపెనీ ప్రధాన కార్యాలయం పెట్టుకున్న చోటికి కొత్త నగరం కొత్త దారి వెయ్యలేదు.

రెండో దశ ఎంఎంటీఎస్ 2012-13లో మంజూరైంది. 816 కోట్ల రూపాయల అంచనా. మూడింట రెండు వంతులు రాష్ట్రానిది, ఒక వంతు రైల్వేది. ఎవరి వాటా ఎప్పుడిస్తారన్న దగ్గర ఏళ్లు గడిచాయి. చివరికి 2023 ఏప్రిల్ 8న మేడ్చల్, ఉందానగర్ వైపు రైళ్లు మొదలయ్యాయి. 2024 మార్చిలో ఘట్‌కేసర్ కలిసింది. కాచిగూడ మీదుగా ఉందానగర్ వెళితే విమానాశ్రయం కూతవేటు దూరమే. కానీ ఆ కూతవేటులో పట్టాల్లేవు. సంచులతో దిగి మళ్లీ బండి మాట్లాడుకోవాలి.

ఆ ఎనిమిది గంటలు

కాచిగూడ పేరు దేశమంతా వినబడిన రోజొకటుంది. 2019 నవంబరు 11, సోమవారం ఉదయం. లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా వెళ్తున్న ఎంఎంటీఎస్, స్టేషన్ వదిలిన కాసేపటికే, కర్నూలు నుంచి వస్తున్న హంద్రీ ఎక్స్‌ప్రెస్‌ను ఎదురుగా ఢీకొట్టింది. రెండూ నెమ్మదిగా ఉండటంతో పెను ప్రాణనష్టం తప్పింది. పలువురు గాయపడ్డారు. లోకల్ రైలు నడుపుతున్న లోకోపైలట్ మాత్రం నుజ్జయిన క్యాబిన్‌లో చిక్కుకుపోయాడు. గ్యాస్ కట్టర్లతో ఇనుమును ముక్కముక్కగా కోస్తూ, లోపలికి ఆక్సిజన్ పంపుతూ సహాయక సిబ్బంది సుమారు ఎనిమిది గంటలు శ్రమించారు. సాయంత్రానికి ప్రాణాలతో బయటికి తెచ్చారు. టీవీల ముందు జనం ఊపిరి బిగబట్టి చూశారు. కొద్దిరోజులకు ఆస్పత్రిలో ఆయన కన్నుమూశారు.

ఎర్ర సిగ్నల్ దాటడమే కారణమన్నారు. డ్రైవరు ఏమరినా రైలు తనంతట తాను ఆగే రక్షణ వ్యవస్థ అప్పటికే ఈ జోన్‌లోనే, లింగంపల్లి-వికారాబాద్ వైపు పరీక్షల్లో ఉంది. తర్వాత దానికే 'కవచ్' అని పేరొచ్చింది. 2022 మార్చిలో అదే ప్రాంతంలో రైల్వే మంత్రి ఇంజిన్‌లో కూర్చుని దాని పనితీరు చూశారు. కాచిగూడ ప్రమాదం జరిగిన చోటికీ, ఆ పరీక్షలు జరుగుతున్న చోటికీ మధ్య దూరం మరీ ఎక్కువేమీ కాదు.

వెళ్లి చూడాలనుకుంటే...

స్టేషన్ ముఖద్వారానికి 2025లో రంగురంగుల దీపాలంకరణ చేశారు. పొద్దుగుంకాక గుమ్మటాలు వెలుగుల్లో మెరుస్తుంటే పిల్లలు ఫొటోలకు ఎగబడతారు. కట్టడం పనితనం చూడాలంటే మాత్రం ఉదయమే మంచిది. అంచుల నగిషీలు ఏటవాలు ఎండలో విడివిడిగా కనిపిస్తాయి.

పిల్లల్ని తీసుకెళ్తే అక్కడే ఫలక్‌నుమా లోకల్ ఎక్కించండి. టికెట్ కౌంటర్లో తీసుకోవచ్చు, రైల్‌వన్ యాప్‌లోనూ దొరుకుతుంది. మలక్‌పేట రాకముందు మూసీ వంతెన వస్తుంది. తర్వాత పాతబస్తీ మేడల మీద ఆరేసిన బట్టలు, పావురాల గూళ్లు, కిటికీకి చెయ్యి చాపితే అందేంత దగ్గరగా గోడలు. ఆదివారాల్లో మరమ్మతుల పేరిట కొన్ని ఎంఎంటీఎస్ సర్వీసులు రద్దవుతుంటాయి కనుక, వెళ్లే బండితోపాటు తిరిగొచ్చే బండి ఉందో లేదో కూడా చూసుకుని ఇల్లు కదలండి.